పాదమెరిగిన జోడు

మైపాడులో తెల్లవారగానే ఇసక మీద పడే మొదటి అడుగులంటే నాకు ప్రాణం. అల వెనక్కి జారి, ఇసక ఇంకా అద్దంలా తళతళమంటున్న ఆ రెండు క్షణాల్లో ఎవరు నడిచినా పాదం ఉన్నదున్నట్టు అచ్చు దిగుతుంది. వల భుజాన వేసుకుని పడవ దగ్గరికి పోయే మనిషి పాదం వెడల్పుగా, వేళ్లు విచ్చుకుని, నేలను పిడికిట పట్టినట్టు పడుతుంది. చేపల గంప నెత్తిన పెట్టుకున్న తల్లి అడుగులో మడమ గుంటపడి, ఆ గుంటలో నీళ్లు ఊరి, ఆ నీళ్లలో ఇంత ఆకాశం కనిపిస్తుంది. ముఖం చూసి మనిషిని పోల్చుకునేవాళ్లు అందరూ. పాదం చూసి పోల్చుకోవడంలో ఉన్న రుచి ఆ తీరం నాకు నేర్పింది.

రెండేళ్ల కిందట జులైలో ఆ ఇసక మీద ఒక జత అడుగులు చూసి ఆగిపోయాను. మడమ ఒక చిన్న గుండ్రం. దానికీ వేళ్ల కిందటి మెత్తకూ మధ్య సన్నని గీత, అది కూడా వెలుపలి అంచున మాత్రమే, ఉందా లేదా అన్నట్టు. ముందు అయిదు చుక్కలు. బొటనవేలి చుక్కను దాటి రెండో వేలు ఒక బియ్యపుగింజంత ముందుకు! అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా చెల్లెలి మనవరాలి అడుగులవి. పదకొండేళ్ల పిల్ల. న్యూజెర్సీలో వారానికి రెండు రోజులు కూచిపూడి, మూడు రోజులు బాలే నేర్చుకుంటోంది.

మా చెల్లెలు వంగి చూసి, "అయ్యో, రెండో వేలు పొడుగే దీనికి. మొగుడి మీద పెత్తనం చేస్తాది" అంది. మనవైపు అమ్మమ్మలందరూ అనే మాటే. పాప తల వంచి తన వేళ్లు తను చూసుకుని, "మా బాలే టీచర్ దీన్ని గ్రీకు పాదం అంటుంది అమ్మమ్మా" అంది.

ఒక్క వేలు, రెండు శాస్త్రాలు! నాకు ఒళ్లు పులకరించింది. సముద్రానికి ఈ ఒడ్డున ఒక ముసలమ్మ ఆ వేలు చూసి కాపురం చెబుతుంది, ఆ ఒడ్డున ఇంకొకావిడ అదే వేలు చూసి నాట్యం చెబుతుంది. పాదాన్ని అంత దగ్గరగా చూడటం ఇద్దరికీ తెలుసు.

బాలే వాళ్లు పాదాలకు పెట్టుకున్న పేర్లు వినడానికే ఇంపుగా ఉంటాయి. బొటనవేలు అన్నిటికన్నా పొడుగై, మిగతా వేళ్లు చిటికెనవేలి దాకా తెరచాప వాలులా దిగితే ఈజిప్షియన్ పాదం. రెండో వేలు శిఖరమై అటూ ఇటూ వేళ్లు తగ్గుతూ పోతే గ్రీకు పాదం. పెన్న ఒడ్డున మా నెల్లూరు రంగనాథస్వామి గాలిగోపురం చూసిన కంటికి ఆ ఆకారం కొత్తది కాదు. మొదటి రెండు మూడు వేళ్లు ఒక్క ఎత్తున, దువ్వెన పళ్లలా సమంగా ఉంటే దానికి జిసెల్ పాదమని పేరు. 1841లో పారిస్‌లో పుట్టిన బాలే పేరది, అందులో పల్లెటూరి పిల్ల జిసెల్. మునివేళ్ల మీద నిలబడటానికి ఆ పల్లె పాదమే అన్నిటికన్నా అనువైనదంటారు, బరువు ఆ వేళ్లకు సమంగా పంచబడుతుంది గనక. వెడల్పాటి, మొద్దు అనిపించే పాదంలో ఇంత భాగ్యం ఉందని ఎవరు అనుకుంటారు?

మన భాషలో పాదమన్న మాటే ఒక వరం. కాలి చివర ఉండేదీ పాదమే, పద్యంలో పంక్తీ పాదమే. తిక్కన ఊరివాడిని కదా, పద్యపాదంలో గణం తూకం తప్పితే చెవికి ముందు తెలిసిపోతుంది, ఎందుకో తర్వాత తెలుస్తుంది. మునివేళ్ల మీద నిలబడటానికి బాలేలో తొడిగే పాయింటు జోళ్లు కుదిరాయో లేదో తెలిసేదీ అలాగే. ముందు కంటికి తెలుస్తుంది. కారణం వెనకాల వస్తుంది.

ఆ ఏడు అక్టోబరులో నేను న్యూజెర్సీలో ఉన్నాను. పాపకు పన్నెండు నిండాయి. చీలమండలు గట్టిపడ్డాయి, ఇక మునివేళ్ల మీద లేవవచ్చని వాళ్ల టీచర్ సెలవిచ్చింది. మొదటి జోళ్లు కొనే రోజు. మన ట్రంకు రోడ్డు షాపుల్లో బడి తెరిచే ముందు పిల్లలకు బూట్లు కొనడం గుర్తు తెచ్చుకోండి. తల్లి ముందుకు వంగి, బూటు కొసన బొటనవేలితో నొక్కి, "ఇంకో ఏడాది వస్తాయిలే" అని ఒక వేలు ఖాళీ వదిలి మరీ కొంటుంది. ప్రేమతో వదిలిన ఖాళీ అది. పాయింటు జోడులో ఆ ఖాళీకి చోటు లేదు. ఒక నూలుపోగు సందున్నా పాదం కిందికి జారిపోయి, బరువంతా వేళ్ల కొసల మీద కూలుతుంది. రేపటి పాదం కోసం కొనే జోడు కాదిది. ఈ రోజు, ఈ పూట ఉన్న పాదానికే!

జోళ్లు చూపించే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. పాపను బల్ల మీద కూర్చోబెట్టి, తను నేల మీద మోకాళ్లూని, మడమను అరచేతిలోకి తీసుకుంది. పూజకు తెచ్చిన పండును చేతిలో పెట్టుకున్నట్టు! కొలతకర్ర అవతలే ఉంది, ఇంకా ముట్టలేదు. వేళ్ల మొదళ్లను రెండు వైపుల నుంచీ మెల్లిగా ఒత్తి, పాదం ఎంత ముడుచుకుంటుందో చూసింది. కొందరి పాదం తామరమొగ్గలా దగ్గరికి వస్తుంది, కొందరిది రాయిలా కదలదు. మీగాలి మీద వేలు పారించి దాని ఎత్తు చూసింది. పాదాన్ని ముందుకు సాచమని, మధ్యలో వంపు ఎంత లేస్తుందో, ఆ వంపు ఎముకదో బలానిదో కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆ కాసేపు షాపులో ఎవరమూ మాట్లాడలేదు. వైద్యుడు నాడి పట్టుకున్నప్పుడు ఇంట్లో ఆవరించే నిశ్శబ్దం అది.

తర్వాత పెట్టెలు దిగాయి. లేత గులాబి శాటిన్, మడతల్లో నీడలు, కొత్త గుడ్డ వాసన, కొద్దిగా జిగురు వాసన. మొదటి జత వెడల్పయింది. పాప లేవగానే పాదం బావిలోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది. రెండో జత ఇరుకు, వేళ్ల కణుపులు శాటిన్ మీదికి ఉబికాయి. మూడోదాంట్లో వేళ్లను కప్పే ముందుభాగం పొట్టిదై, మీగాలి వంపు అంచు దాటి పొంగిన పాలలా బయటికి వచ్చింది. కంటికి ఎంత అందం! ఆ అందం ప్రమాదమని ఆవిడ వెంటనే విప్పించేసింది. నాలుగోదాని అడుగు బద్ద మరీ గట్టిది. పాప ఎంత లేచినా కొస చదును మీదికి పూర్తిగా ఎక్కలేక, వెనక్కి వాలి ఆగిపోయింది. అయిదోదాంట్లో ఆ బద్ద అరికాలి వంపును అంటిపెట్టుకోకుండా పక్కకు మెలితిరిగింది. తప్పు జోడు తనంతట తనే తప్పు చెప్పేస్తుంది, చూసే కన్ను ఉంటే చాలు.

అయిదు జతలు అయ్యాక ఆవిడ పాపను అడిగింది, "బరువు ముందు ఏ వేలికి తెలుస్తోంది?" అని. పాప కళ్లు మూసుకుని, "రెండో వేలికి" అంది. ఆవిడ ముఖంలో చిరునవ్వు. లోపలికి వెళ్లి, ముందుభాగం కాస్త కోసుగా ఉండే జత ఒకటి తెచ్చింది. బొటనవేలికి చిన్న మెత్తటి తొడుగు పెట్టి, రెండో వేలి ఎత్తుకు సమం చేసింది. ఒక గింజంత తొడుగు! ఇసకలో నేను చూసిన ఆ గింజంత దూరాన్ని ఆవిడ అక్కడ పూడ్చింది.

పాప రెండు చేతులా ఊతానికి ఉన్న కర్ర పట్టుకుంది. ముందు రెండు కాళ్లూ నేల మీద. వేళ్లు ముడుచుకోకుండా కొసను తాకీ తాకకుండా ఉండాలి, తాకుతున్నాయి. మోకాళ్లు వంచింది, పాదం ఇంకొంచెం సాగి కొసకు నిండుగా ఆనింది. అప్పుడు లేచింది.

ఆ లేవడం ఎలా చెప్పను! మొగలిరేకు విప్పినట్టు అననా, పెన్న మీద తెల్లవారి మంచు పైకి తేలినట్టు అననా? మడమ నేలను విడిచింది, పాదం మధ్య వంపు వీణ దండిలా నిండింది, చీలమండ నుంచి మునివేలి దాకా ఒకే గీత. జోడు కనిపించలేదు. శాటిన్ చర్మమైపోయింది. పాప ముఖం ముందు బెదిరింది, తర్వాత వెలిగింది, తర్వాత ప్రశాంతమైంది. తన పాదం తనకు మొదటిసారి పరిచయమైన ముఖం అది! ఆవిడ మడమ దగ్గర రెండు వేళ్లతో శాటిన్‌ను చిటికెడు పట్టుకుని చూపించింది. లేచినప్పుడు ఆ చిటికెడు మిగలాలి, అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. "ఇదే" అంది. నేను అప్పటిదాకా ఊపిరి బిగబట్టానని అప్పుడు తెలిసింది.

ఎన్నో రంగప్రవేశాలు చూశాను. పూలూ దీపాలూ సన్నాయిలూ అన్నీ ఉన్న సభల్లో కూర్చున్నాను. ఆ మూల షాపులో, పెట్టెల గుట్టల మధ్య, ఒక పిల్ల మడమ నేల విడిచిన క్షణం వాటిలో దేనికీ తీసిపోదు. నాట్యం సభలో మొదలవుతుందని అనుకుంటాం. ఒక పాదాన్ని ఒకరు అరచేతిలోకి తీసుకుని, ఇది ఇలాంటిది, దీనికి ఇది తగినది అని గుర్తించిన చోట మొదలవుతుంది. ఆ గుర్తించడమే మొదటి రసాస్వాదన!

ఆ జోడు లోపల ఏముంటుందో తెలిస్తే ముద్దు ఇంకా పెరుగుతుంది. ఇనుము లేదు, చెక్క లేదు. గోనెలాంటి గుడ్డా కాగితమూ పొరలు పొరలుగా పెట్టి, మధ్య మధ్య పిండితో చేసిన జిగురు పూసి, ఆరబెట్టి వేళ్లకు గూడు కడతారు. మన గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురుకు దూరపు చుట్టం! లోపలి వైపు పైకి ఉండేలా కుట్టి, తర్వాత మొత్తం తిరగేస్తారు. పాత పద్ధతిలో కుడి ఎడమల తేడా కూడా ఉండదు, రెండూ ఒకటే. ఏది కుడిదో ఏది ఎడమదో నర్తకి తొడిగి తేలుస్తుంది. లండన్‌లో 1929 నుంచి జోళ్లు కుడుతున్న ఫ్రీడ్ వారి దగ్గర ఒక్కొక్క పనివాడికి ఒక్కొక్క గుర్తు ఉంటుంది. అడుగున పేరుకు బదులు ఆ గుర్తు పడుతుంది. కిరీటం, గంట, లంగరు, చేప. ఏళ్ల తరబడి ఒకే పనివాడి చేతి జోళ్లే కావాలని పట్టుబట్టే నర్తకులున్నారు. ముఖం ఎన్నడూ చూడని ఒక మనిషి చేతి ఒత్తిడి తన పాదానికి తెలుసు! లంగరు గుర్తూ చేప గుర్తూ అని విన్నప్పుడు నాకు కృష్ణపట్నం రేవు కళ్ల ముందు కదిలింది.

1832లో పారిస్‌లో లా సిల్ఫీడ్ ఆడిన మారీ తాలియోనీకి ఈ గూడు కూడా లేదు. మెత్తటి శాటిన్ జోళ్లు, పక్కల సూదితో కుట్టిన గట్టి కుట్లు, మిగతాదంతా ఆమె పాదబలం. ఆ తర్వాత ఆనా పావ్లోవా. ఆమె పాదాలు సన్నవి, మీగాలి వంపు మరీ ఎత్తు. ఆ కాలపు కన్నుకు అవి బలహీనమైన పాదాలు. ఆమె తన జోడు అడుగున గట్టి తోలు వేయించుకుని, వంపును లోపమనిపించుకోకుండా శోభ చేసుకుంది. ఆమె చనిపోతున్న హంసగా మునివేళ్ల మీద చిన్న చిన్న అడుగులతో వేదిక మీదికి వచ్చినప్పుడు, ఆ వణుకులో ఎంత భాగం పాదానిది, ఎంత భాగం ప్రాణానిది? విడదీయగలవాడు లేడు. ఆ పావ్లోవాకూ మన తీరానికీ ఒక బంధం ఉంది. 1920ల చివర రుక్మిణీదేవి ఆమెను కలిసి, ఆమె బృందంలోని క్లియో నోర్డి దగ్గర బాలే నేర్చుకుంది. నీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవా చెప్పిన మాట ఆమెను మళ్లించింది. 1936లో మద్రాసు అడయారులో ఆమె స్థాపించిన కళాక్షేత్రం పుట్టింది. శాటిన్ జోడు తొడిగిన ఒక పాదం, జోడు విప్పి గజ్జె కట్టమని ఇంకొక పాదానికి చెప్పింది!

నెల్లూరు రసికులకు మద్రాసు ఎప్పుడూ దూరం కాదు. వెంపటి చినసత్యం 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, పొద్దున రైలెక్కి, సాయంత్రం నాట్యం చూసి, రాత్రి రైలుకు తిరిగొచ్చిన రోజులు నాకు ఎన్నో. తరంగం మొదలయ్యేసరికి సభ ముందుకు వంగేది. నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణి గీతం సాగుతుంటే నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీదికి ఎక్కుతుంది. నెత్తిన నీళ్ల చెంబు. పళ్లెం నేలను రాసుకుంటూ మృదంగంతో పాటు కదులుతుంది. అంచు మీద ఉన్నది ఉత్త పాదం. శాటిన్ లేదు, గూడు లేదు. వేళ్లే గూడు, అరికాలి వంపే బద్ద.

పోయిన డిసెంబరులో పాప మళ్లీ వచ్చింది. మూలాపేటలో ఒక టీచరమ్మ దగ్గర పది రోజులు తరంగం సాధన చేసింది. పాత ఇల్లు, నడవాలో నున్నటి గచ్చు. టీచరమ్మ గోడకు ఆనించిన పళ్లేల్లోంచి మూడు తీసి పరిచింది. ఒకటి పెద్దది, కొత్తది, అంచు పదునుగా మెరుస్తోంది. ఒకటి చిన్నది, లోతు ఎక్కువ. మూడోది ఎన్నో పాదాలు ఎక్కి దిగగా అంచు అరిగి, ఆ అరుగులో ఇత్తడి లేత పసుపు తిరిగింది. పాప మెరుస్తున్న దాని వైపు అడుగేసింది.

"అది వద్దమ్మా, అంచు కోస్తాది. ఇట్టా రా, కాలు చూడనీ" అంది టీచరమ్మ. పీట వాల్చుకుని కూర్చుని, పాప మడమను అరచేతిలోకి తీసుకుంది.

నేను దిగ్గున లేచి నిలబడ్డాను. అదే చెయ్యి! న్యూజెర్సీ షాపులో ఆవిడ మడమ కింద పెట్టిన చెయ్యి. అదే బరువు తూచడం, అదే మీగాలి మీద వేలు పారించడం, అదే చిన్న మౌనం. ఒకరి పేరు ఒకరు వినని ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో రెండు సముద్రాలు, ఒకే పాదం! టీచరమ్మ రెండో వేలిని తాకి, "ఈ వేలు అంచును ముందు పట్టుకుంటాది, దాన్ని నమ్ముకో, బొటనవేలు వెనకాలే వస్తాది" అంది. మూడో పళ్లెం ముందుకు తోసింది.

నాట్యశాస్త్రం చెప్పిన అయిదు పాదభేదాల పేర్లు నేను ఎన్నోసార్లు నాలో నేనే అనుకుంటూ ఉంటాను, తీపి కోసం. ఉద్ఘట్టితం, సమం, అగ్రతలసంచరం, అంచితం, కుంచితం. మడమ లేచి, బొటనవేలు ముందుకు సాగి, పాదం ముందుభాగమే నేల మీద చరించేది అగ్రతలసంచరం. ఆ సమాసంలోనే ఒక నడక ఉంది, పలుకుతుంటే నాలుక కూడా మునివేళ్ల మీద లేస్తుంది. పాప పళ్లెం ఎక్కిన రోజు ఆ మాట నాకు కళ్లెదుట నడిచింది. మడమలు తేలాయి. వేళ్లు అంచును చుట్టుకున్నాయి, తీగ పందిరిని పట్టుకున్నట్టు. పళ్లెం ఒకసారి గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. మూడో రోజుకు ఆ గరగర తాళంలో పడింది. బాలేలో శబ్దం వినిపించకపోవడమే సొగసు, తరంగంలో ఇత్తడి గచ్చును రాసే ఆ శబ్దమే సొగసు. రెండింటినీ ఒకే పాదం ఇష్టపడుతోంది. పాదానికి ఇంత ఉదారమైన మనసు ఉంటుందా!

గజ్జెలు కూడా పాదాన్ని చూసే కడతారు. పిల్లలకు ముందు కొద్ది గజ్జెలతో మొదలుపెట్టి, చీలమండ బలం చూసి పెంచుతారు. ఎవరి బరువు వాళ్లకు.

సెలవుల చివర్లో అందరం పులికాట్ చూడబోయాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి సాగుతుంది. రెండు వైపులా పల్చటి నీళ్లు, నీళ్ల మీద పొద్దుటి వెండి, ఆ వెండి మీద ఫ్లెమింగోలు! ఎన్నని లెక్కపెడతాం? దూరానికి ఒక గులాబి చార. దగ్గరికి వస్తే ఒక్కొక్కటీ ఒక నిలువు గీత. పాప కారు దిగి కంచె దగ్గరికి పరుగెత్తింది. "తాతయ్యా, వాటికి మోకాళ్లు వెనక్కి వంగుతున్నాయి!" అంది. అవి మోకాళ్లు కావు, చీలమండలు. మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. కాలి మధ్యలో వెనక్కి వంగేదే మడమ. అంటే ఆ పక్షి పుట్టిన దగ్గర్నుంచీ మునివేళ్ల మీదే నిలబడి ఉంది! తింటున్నా నడుస్తున్నా, ఒంటికాలి మీద నిద్రపోతున్నా, మడమ నేల ఎరుగదు.

ఇక ఆ వేళ్లు చూడండి. ముందరి మూడు వేళ్ల మధ్య పల్చటి పొర. అడుగు పెట్టినప్పుడు విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు ముడుచుకుంటుంది. పులికాట్ బురదలో మనిషి కాలు మోకాలి దాకా దిగిపోయే చోట ఆ పాదం ఆకు మీద ఆకు పెట్టినట్టు తేలిక. ఆ బురదకు ఆ పాదం, ఆ పాదానికి ఆ నడక. ఎవరు మోకాళ్లూని ఏ అరచేతిలో తూచి అమర్చారో ఈ జోడును! గులాబి రంగు కూడా తొడుక్కున్నది కాదు, తిన్న తిండి లోంచి మెల్లమెల్లగా ఈకల్లోకి ఎక్కినది. కొత్త పిల్లలు బూడిద రంగులోనే ఉంటాయి. మంచి శాటిన్ గులాబి చూసినప్పుడల్లా ఇక నాకు ఈ సరస్సే గుర్తొస్తుంది.

గట్టు మీద గడ్డి పక్కన పాప చెప్పులు విడిచింది. చేతులు కొద్దిగా పక్కకు సాచి, మడమలెత్తి, ఉత్త పాదాలతో ఎంత లేవగలదో అంత లేచింది. అవతల నీళ్లలో ఒక పక్షి మెడ తిప్పింది. ఒక నిమిషం, ఆ రెండు ఆకారాల మధ్య ఉన్న నీళ్లు లేనట్టే అనిపించింది. కంచె అవతల ఆగిన బస్సులోంచి ఎవరో పిల్లలు చప్పట్లు కొట్టారు. పాప సిగ్గుపడి దిగిపోయింది. నేను మాత్రం ఆ నిమిషంలోనే ఇంకా ఉన్నాను.

వెళ్లేటప్పుడు ఆ మొదటి జోళ్లు పాప నాకు ఇచ్చి పోయింది. వాటి ఆయుష్షు తీరి చాన్నాళ్లయింది. పెద్ద నర్తకుల చేతిలో ఒక జత ఒక్క రాత్రి ప్రదర్శనకే చచ్చిపోవచ్చు, పిల్లలకు కొన్ని నెలలు వస్తాయి. అడుగు బద్ద మెత్తబడింది, వేళ్ల గూడు చెమటకు నానీ ఆరీ మళ్లీ నానీ గుడ్డయిపోయింది. కొసన శాటిన్ చిరిగి, లోపలి గోనె పోగులు బయటపడ్డాయి. రిబ్బన్లు పాప తన చేత్తో కుట్టుకున్నవి, కుట్లు వంకరటింకర, ఒకచోట దారం రంగు మారింది. గోడకు మేకు కొట్టి, దేవుడి పటానికి ఇవతల, మా చెల్లెలి పాత గజ్జెల పక్కన వాటిని వేలాడదీశాను. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడినప్పుడు ఆ చిరుగులో గులాబి ఇంకా మిగిలి ఉన్నట్టు తెలుస్తుంది.

మొన్న మా చెల్లెలు వచ్చి, ఒక జోడు కిందికి దించి, కళ్లద్దాలు సర్దుకుని లోపలికి చూసింది. వేలు పెట్టి తడిమింది. లోపల అట్ట మీద పాప పాదం మొత్తం అచ్చు దిగి ఉంది, మడమ గుండ్రం, మధ్యలో ఏమీ లేదు, ముందు నల్లబడిన అయిదు గుంటలు. మైపాడు ఇసక మీద నేను చూసిన అచ్చే.

"చెప్పలా నేను?" అంది జోడును వెలుగు వైపు తిప్పి నాకు చూపిస్తూ. "రెండో వేలే ముందుండాది."